వినికిడి లోపంతో విద్యార్థి సహాయ విభాగంలో పనిచేయడం: చెప్పి చేరాలా, దాచి చేరాలా?

గుంటూరు దగ్గరి ప్రైవేటు విశ్వవిద్యాలయంలో విద్యార్థి సహాయ విభాగంలో ఉద్యోగం వచ్చిందనీ, వినికిడి లోపం సంగతి దాచమని మీ నాన్నగారు అంటున్నారనీ, చెవి మిషన్‌తో ఆ పని నెగ్గుకురాగలనా అనీ అడిగారు. నాకు రెండు చెవులా వినికిడి తక్కువ. విజయవాడ, గుంటూరుల మధ్య ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా సలహా: చెప్పండి, అదీ చేరే ముందే, కాగితం మీద.

నేను మొదటి ఎనిమిది నెలలూ దాచాను. సరిగా వినబడనప్పుడు తల ఊపి ఊరుకోవడం మనలాంటివాళ్లకు చిన్నప్పటినుంచీ అలవాటే కదా. పరీక్ష ఫీజు గడువు దాటిన ఒక అబ్బాయి నేల చూపులు చూస్తూ ఏదో చెప్పాడు. నాకు అందులో ‘నాన్నగారు’ అన్న మాట ఒక్కటే అందింది. ‘అయితే రేపు ఆయన్ని తీసుకురా’ అన్నాను. వాడు ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తండ్రి పోయి పది రోజులైందని వాడు చెప్పినట్టు పక్క బల్ల దగ్గరి సహోద్యోగి నాకు తర్వాత చెప్పారు. ఆ సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి వాడితో మాట్లాడి, మర్నాడు మా అధికారికి ఉత్తరం రాశాను.

ఉత్తరంలో నా లోపం గురించి ఒక్క వాక్యమే ఉంది. మిగిలినదంతా పనికి ఏమి కావాలో రాశాను. నా బల్ల ఫ్యాను కింద ఉండకూడదు, ఎందుకంటే మిషన్ మాటతోపాటు ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది. ఎదుటి మనిషి ముఖం మీద వెలుతురు పడాలి. పెదవుల కదలికలో ప, బ, మ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వెలుతురు ఉన్నా సగం ఊహించుకోవలసిందే. ఏడుస్తూ వచ్చే విద్యార్థితో మాట్లాడడానికి తలుపున్న గది కావాలి. ఫోన్లు సహోద్యోగి చూస్తే, వారి స్కాలర్‌షిప్ దరఖాస్తుల పని నేను తీసుకుంటాను. గది, బల్ల రెండు వారాల్లో అమరాయి. ఫోన్ల విషయంలో మాత్రం ఏడాది పోరాడవలసి వచ్చింది.

చట్టం మీద ఎంతవరకు ఆధారపడవచ్చో కూడా తెలుసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చేసే బాధ్యతను ప్రభుత్వ సంస్థల మీదే పెట్టింది. ప్రైవేటు సంస్థలకు వర్తించేది 21వ సెక్షన్: ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. మీ సంస్థ విధానం ఏమిటో మర్యాదగా అడగండి. తడబడితే అదీ ఒక జవాబే.

మన ఊళ్ల ఎండ గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. మే నెలలో బస్సు దిగి నడిచేసరికి చెమట మిషన్‌లోకి దిగి, సరిగ్గా అడ్మిషన్ల రద్దీలో అది మూగబోతుంది. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి, సంచిలో అదనపు బ్యాటరీలు ఉంచుకోండి.

ఇక విద్యార్థుల విషయం. ప్రతివారికీ నేను మొదట చెప్పే మాట ఒక్కటే: ‘నాకు వినికిడి తక్కువ, నా వైపు చూసి మాట్లాడు.’ ఒక్కరూ విసుక్కోలేదు. చిక్కంతా కార్యాలయంతోనే: వైకల్యం ఉన్న విద్యార్థులందరినీ మీ బల్లకే పంపి, వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న వేదిక ఎక్కించి, మిగతా పనికి మిమ్మల్ని మరచిపోతారు. రెండో ఏడాది వేదిక ఎక్కనని చెప్పేశాను. అయినా పరీక్షల్లో స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) నిబంధనలు మాత్రం క్షుణ్ణంగా నేర్చుకోండి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుందనీ, వైకల్యం 40 శాతానికి తక్కువైనా రాయలేని స్థితి ఉంటే స్క్రైబ్‌ను నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పిందనీ చాలామంది పరీక్షల సిబ్బందికి తెలియదు.

నాన్నగారికి ఒక మాట చెప్పండి: చెవి వెనక మిషన్ మొదటి రోజే కనిపిస్తుంది, దాగేది మీకు కావలసినదేమిటన్నదే. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం, తాజా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష నివేదిక) జతచేసి ఉత్తరం ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి.