ఫ్లెక్సీ షాపు అమ్మాయికి వెబ్ డిజైన్ నప్పుతుందా?

ప్రశ్న: కావలిలో మాది డీటీపీ, ఫ్లెక్సీ షాపు. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసింది, 21 ఏళ్లు. వెబ్ డిజైన్, డిజిటల్ మార్కెటింగ్ రెండూ కలిపి మూడు నెలల్లో నేర్పుతామని, ఉద్యోగం గ్యారంటీ అని హైదరాబాద్‌లో ఒక సంస్థ 70 వేలు అడుగుతోంది. హాస్టలు ఖర్చు వేరే. నేను బ్యాంకు కోచింగ్ అంటున్నా, తను వినడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కావలి

జవాబు: డబ్బు ఇప్పుడే కట్టకండి. అలాగని అమ్మాయిని ఆపమనీ అనను. మూడు నెలలు మీ షాపులోనే కూర్చుని ఈ పని చేయనివ్వండి. ఆ తర్వాత కోర్సు కావాలనిపిస్తే, ఏ కోర్సో తనకే తెలుస్తుంది.

ఆ సంస్థ ఒకే మూటగా కట్టి అమ్ముతున్నవి రెండు వేర్వేరు పనులు. వెబ్ డిజైన్ అంటే కొట్టు కట్టడం, డిజిటల్ మార్కెటింగ్ అంటే ఆ కొట్టుకు మనిషిని రప్పించడం. కట్టేవాళ్లకు పేజీని అల్లే హెచ్‌టీఎంఎల్, దానికి రూపు దిద్దే సీఎస్ఎస్, నొక్కితే పనిచేయించే జావాస్క్రిప్ట్ కొంత చేతికి రావాలి. రప్పించేవాళ్లకు జనం గూగుల్‌లో ఏం వెతుకుతున్నారు, ప్రకటన మీద పెట్టిన డబ్బుకు ఎన్ని బేరాలు వచ్చాయి అన్న లెక్క కావాలి. బీకాం చదివిన పిల్ల కాబట్టి ఈ లెక్క త్వరగా పట్టుబడొచ్చు. రెండింటి పరిచయమూ మంచిదే గానీ, ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఏదో ఒకదాంట్లో చేయి తిరిగిందా అనే చూస్తారు. మూడు నెలల్లో రెండూ వచ్చేస్తాయన్న దగ్గరే నాకు అనుమానం. గ్యారంటీ మాట రసీదు మీద రాసివ్వమని ఒకసారి అడిగి చూడండి.

మీ షాపులో పెరగడం తనకు కొంత బలం, కొంత అడ్డం. రంగులు, అక్షరాల పొందిక కంటికి అలవాటై ఉంటాయి. కానీ ఫ్లెక్సీకి ఆరడుగులా, పదడుగులా అన్న కొలత ముందే తెలుసు. వెబ్ పేజీకి తెలియదు. చేతిలో ఫోనులోనూ, బల్ల మీది మానిటర్‌లోనూ అదే పేజీ సర్దుకోవాలి. ఈతన్ మార్కాట్ అనే డిజైనర్ 2010లో దీనికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. మీరు డీటీపీలో 'అను' ఫాంట్లతో కొట్టిన తెలుగును తెచ్చి పేజీలో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అక్కడ ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగే కావాలి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పెద్ద పెద్ద సైట్లలోనూ ఈ పొరపాటు చూస్తుంటాను. మీ అమ్మాయి కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుందని నా నమ్మకం.

ఇక మూడు నెలల పని. ఒక్క నిజమైన వ్యాపారికి ఒక్క సైటు చేయాలి. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి కదా, ఏరియేటర్లు, అంటే గుంట నీళ్లకు గాలి అందించే యంత్రాలు, బాగుచేసే మెకానిక్ ఎవరినైనా పట్టుకోమనండి. రాత్రి రెండింటికి ఏరియేటర్ ఆగిందనుకోండి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. ఆ రైతు గట్టు మీద నిలబడి, వచ్చీరాని సిగ్నల్‌తో ఫోను తీస్తాడు. కదిలే బొమ్మలు, 'మా గురించి' అంటూ నాలుగు పేరాలు అప్పుడు ఎవరికి కావాలి? నంబరు పైనే ఉండాలి, నొక్కితే కాల్ వెళ్లాలి, ఏ ఊళ్లదాకా వస్తారో కనపడాలి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు తెరమీదికి వస్తే బాగున్నట్టని గూగుల్ కొలత. నాలుగైదు ఎంబీల ఫొటోలు అలాగే పెట్టేస్తే ఆ గట్టు మీద పేజీ తెరుచుకోదు. వాటిని కుదించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చడం లాంటివి ఇలా అవసరం పడినప్పుడే ఒంటబడతాయి.

సైటు నిలబడ్డాక మార్కెటింగ్. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, మెకానిక్ మ్యాపులో కనిపిస్తాడు. గూగుల్‌దే సెర్చ్ కన్సోల్ కూడా ఉచితమే, గూగుల్‌లో ఏ మాట కొట్టి సైటుకు వచ్చారో చూపిస్తుంది. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు బోలెడు, స్పెల్లింగు ఒక్కొక్కరిది ఒక్కో తీరు. చివర్లో ఐదొందలు పెట్టి ఒక ప్రకటన నడిపి, ఎన్ని కాల్స్ వచ్చాయో నోటుబుక్కులో రాసుకోమనండి. లైకులు కాదు, కాల్స్. ఇంటర్వ్యూకి ఆ నోటుబుక్కు పట్టుకెళ్తే, నేనైతే సర్టిఫికెట్ పక్కన పెట్టి ముందు అదే తిప్పి చూస్తాను.

నేర్చుకోవడానికి కోడింగ్ పాఠాలు చెప్పే ఫ్రీకోడ్‌క్యాంప్, ప్రకటనల పాఠాలు చెప్పే గూగుల్ స్కిల్‌షాప్ అనే సైట్లు పైసా అడగవు. నేర్చుకునేటప్పుడు సైటును గిట్‌హబ్ పేజెస్ అనే చోట ఊరికే పెట్టి చూసుకోవచ్చు. డొమైన్‌కు, అంటే సైటు చిరునామాకు, ఏడాదికి వెయ్యి రూపాయల చిల్లర, అది కూడా మెకానిక్ పేరుమీదే కొనాలి. నా ఆఫీసు సైటు చేసిన కుర్రాడు డొమైన్ తన పేరుమీద కొని, బెంగళూరు వెళ్లి నంబరు మార్చేశాడు. గడువు తీరి సైటు మాయమైంది. పిల్లలకు కెరీర్ సలహాలు చెప్పేవాణ్ని, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది.

మీరు అడగలేదు గానీ ఏఐ మాట కూడా అనుకోవాలి. అడిగితే నిమిషంలో పేజీ అల్లి ఇస్తుంది. పదిమందికి ఒకే అచ్చు పేజీలు అమ్ముకునేవాళ్లకు గడ్డు రోజులే. గుంట గట్టు మీది రైతు సంగతి మాత్రం దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

బ్యాంకు సంగతి: ప్రభుత్వ బ్యాంకుల్లో ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు 28 ఏళ్లదాకా వయసుంటుంది, మూడు నెలలు ఇటు పెడితే అటు పోయేదేమీ లేదు. షాపులో ఒక సిస్టం తనకు వదిలేయండి. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందని శుభలేఖల పని పెట్టి మధ్యలో లాక్కోకండి.