పుత్తూరు కట్టా, టేపా?

ప్రశ్న: మేడమ్, నాకు 19 ఏళ్లు. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా, కాలేజీ టీమ్‌లో వాలీబాల్ ఆడతాను. మూడు వారాల కింద బ్లాక్‌కి ఎగిరి పక్కమ్మాయి పాదం మీద దిగాను, కుడికాలు లోపలికి మడతపడి చీలమండ బయటివైపు బాగా వాచింది. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నారు. ఇప్పుడు వాపు లేదు, నడుస్తున్నాను, ఎగరాలంటేనే భయం. మా అవ్వ పుత్తూరు కట్టు కట్టించుకోమంటోంది. సీనియర్లేమో టేపు చుట్టుకుని ఆడెయ్యమంటున్నారు. వచ్చే నెల మ్యాచ్‌లు. ఈలోగా అమ్మతో కలిసి కొండకు నడిచి వెళ్లే మొక్కు కూడా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు అవ్వ మాటే తీసుకుందాం తల్లీ. పుత్తూరు కట్టు విరిగిన ఎముక కదలకుండా ఉండడానికి కట్టేది. నీకు ఎముక విరగలేదు, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంటు దెబ్బతింది, మూడు వారాలయ్యాక దానికి కావాల్సింది కదలిక. ఇప్పుడు మళ్లీ కట్టి కూర్చోబెడితే కీలు బిగుసుకుపోతుంది, పిక్క కండ కూడా తగ్గుతుంది. వద్దని అవ్వకు నెమ్మదిగా చెప్పు.

టేపు మంచిదే. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణకడం చాలా మామూలు, టేపో, చీలమండకు తొడుక్కునే బ్రేసో వేసుకుంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. కానీ నొప్పి ఉండగానే ఆడడానికి టేపు వేసుకోవద్దు. కుడికాలి మీద ఒంటికాలితో పదిసార్లు గెంతి చూడు, నొప్పి లేకపోతేనే కోర్టులోకి దిగు.

ఇంట్లో ఉండే క్రేప్ బ్యాండేజ్ వాపుకి పనికొస్తుంది గానీ ఎగిరి దిగేటప్పుడు పాదాన్ని ఆపలేదు. రంగురంగుల సాగే టేపు మీద కూడా ఆ నమ్మకం పెట్టుకోకు. నీకు కావాల్సింది సాగని తెల్ల జింక్ ఆక్సైడ్ టేపు, 38 మిల్లీమీటర్లది. నూనె, చెమట లేకుండా కాలు కడిగి ఆరబెట్టుకుని, పాదాన్ని నిలబడినప్పటిలా 90 డిగ్రీల్లో ఉంచి, పిక్క కింద ఒక చుట్టు వేసి, అక్కడ లోపలివైపు మొదలుపెట్టి మడమ కిందుగా తెచ్చి బయటివైపు పైకి లాగి అతికించాలి. ఈ దిశ తప్పిందంటే టేపు వేసీ లాభం లేదు, ఎందుకంటే నీ పాదం తిరిగింది లోపలికి, దాన్ని బయటికే లాగి పట్టాలి. అలాంటి పట్టీలు మూడు, ఒకదాని మీద ఒకటి సగం వచ్చేలా వేసి, చివర్లో పాదానికీ చీలమండకీ కలిపి ఎనిమిది అంకెలా చుట్టాలి. మొదటి రెండుమూడు సార్లు ఫిజియోతోనే వేయించుకుని చూసి నేర్చుకో. వేశాక బొటనవేలి గోరు నొక్కి వదులు, రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వేళ్లు తిమ్మిరెక్కినా నీలంగా మారినా వెంటనే తీసెయ్.

ఇంకో సంగతి, ఎంత బాగా వేసినా అరగంట ఆటకే టేపు పట్టు సడలుతుంది. ఆ తర్వాత కాపాడేది నీ కాలే, అందుకే ఇవాళ్టి నుంచే పళ్లు తోముకునేటప్పుడు కుడికాలి మీద 30 సెకన్లు నిలబడు, అది తేలికయ్యాక కళ్లు మూసుకుని నిలబడు. టేపు మానినా ఇది మానొద్దు.

మొక్కు మాత్రం మ్యాచ్‌లయ్యాక తీర్చుకో. అలిపిరి దారిలో 3,550 మెట్లు, అదీ చెప్పుల్లేకుండా, అలసిన కాలు ఏ మెట్టు అంచునైనా మడతపడొచ్చు. అప్పుడు వెళ్లినా నడిచి ఎక్కు, దిగేటప్పుడు బస్సులో రా.