పొలంలో గుండ్రటి మట్టిగట్టు: చదును చేయవచ్చా?

ప్రశ్న: ఐర్లాండ్‌లోని కార్క్ దగ్గర ఇంటి కోసం చూసిన పొలంలో ముళ్లపొదలు కమ్మిన గుండ్రటి మట్టిగట్టు ఉంది. చదును చేయించవచ్చా?

జవాబు: వద్దు. అది బహుశా రింగ్‌ఫోర్ట్. పేరుకే కోట, క్రీ.శ. 500–1000 ప్రాంతంలో రైతు కుటుంబం తన ఇంటిని, పశువులను కాపాడుకున్న ఆవరణ. చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టినే లోపలివైపు గట్టుగా పోశారు. అడ్డకొలత సాధారణంగా 30 మీటర్లు, అటూ ఇటూగా.

ముందు అక్కడి జాతీయ స్మారకాల విభాగం ఆన్‌లైన్ పటంలో చూడండి. నమోదై ఉంటే, ఏ పనికైనా రెండు నెలల ముందే రాతపూర్వకంగా తెలపాలన్నది 1994 చట్టం. దాని స్థానంలో 2023 నాటి కొత్త చట్టం విడతలవారీగా అమల్లోకి వస్తోంది, కాబట్టి తాజా నిబంధన అడిగి తెలుసుకోండి.

గట్టు అరిగిపోయినా పూడిన కందకం, పాతకాలపు ఆనవాళ్లున్న మట్టి పొరలు నేల కింద ఉంటాయి. పొక్లెయిన్ ఒక్కసారి దిగితే ఆ పొరలు మళ్లీ రావు. పొదలను నేలమట్టానికి కోయండి, వేళ్లు మాత్రం పెకలించకండి. పశువుల నీళ్లతొట్టిని దూరంగా పెట్టండి; తడినేల గిట్టల కింద నలిగి గట్టు జారుతుంది. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం నేరం.

అన్నట్టు, అక్కడ ‘ఫెయిరీలు’ (ఐరిష్ జానపద నమ్మకాల్లోని మాయాజీవులు) ఉంటారన్న భయమే చట్టాలకన్నా ముందు వీటిని కాపాడింది!