చేతిలో నమూనాలున్నాయి, పరీక్షలకు డబ్బు లేదు: ప్రాంతీయ ఖనిజాలపై చిన్న గ్రాంటు సాధించడమెలా?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ జియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాంతంలో ఒకప్పుడు అభ్రకం, ఫెల్డ్‌స్పార్ తవ్విన పాత గుంతలున్నాయి. డిసర్టేషన్ కోసం అక్కడి పెగ్మటైట్ల (పెద్ద పెద్ద స్ఫటికాలతో ఉండే గ్రానైట్ తరహా శిలల) నుంచి దాదాపు నలభై నమూనాలు సేకరించాను. తూర్పు వైపు గుంతల్లో గార్నెట్ అనే ఖనిజం నారింజ రంగుకు తిరగడం, బెరీలియం ఉండే బెరిల్ ఖనిజం కూడా అక్కడే కనిపించడం గమనించాను. నమూనాల విశ్లేషణకు మా విభాగంలో నిధులు లేవు. 'ప్రాంతీయ ఖనిజ సంపద: ఒక సమగ్ర అధ్యయనం' పేరుతో ఒక చిన్న గ్రాంటుకు దరఖాస్తు చేస్తే కారణం చెప్పకుండానే తిరస్కరించారు. మళ్లీ ప్రయత్నించడం వల్ల కెరీర్‌కు ప్రయోజనం ఉంటుందా? లేక ఆ సమయాన్ని ఉద్యోగ ప్రయత్నాలకు కేటాయించడం మేలా?

జవాబు: మళ్లీ ప్రయత్నించండి. అయితే పాత దరఖాస్తునే మెరుగులు దిద్ది పంపకండి. ఎందుకు తిరస్కరించారో వాళ్లు చెప్పకపోయినా మీ శీర్షికే చెబుతోంది. విద్యార్థుల దరఖాస్తులు చదివే కమిటీలో నేను కొన్నేళ్లు కూర్చున్నాను. 'సమగ్ర అధ్యయనం' అనే మాట కనిపించగానే ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు కలిగే మొదటి అనుమానం ఒకటే: ఈ విద్యార్థికి ఏం తెలుసుకోవాలో ఇంకా తేలలేదు. ఒక ప్రాంతపు ఖనిజాలన్నిటినీ పట్టిక వేయడం సర్వే సంస్థలు ఏళ్ల తరబడి చేసే పని. చిన్న గ్రాంటు ఉన్నది ఒక ప్రశ్నకు, డజనో రెండు డజన్లో నమూనాలకు, ఒకటి రెండు పరీక్షలకు, మహా అయితే ఏడాది కాలానికి.

ఆ ఒక్క ప్రశ్న మీ లేఖలోనే ఉంది, మీరు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు. తూర్పుకు వెళ్లేకొద్దీ గార్నెట్ ఎరుపు తగ్గి నారింజకు తిరుగుతోందని రాశారు. గార్నెట్లలో ఇనుము ఎక్కువగా ఉండే ఆల్మండైన్ ముదురు ఎరుపులో, మాంగనీసు ఎక్కువగా ఉండే స్పెస్సార్టైన్ నారింజ ఛాయలో ఉండటం మీకు తెలిసిన విషయమే. మాతృ గ్రానైట్ నుంచి దూరంగా వెళ్లేకొద్దీ పెగ్మటైట్‌గా గట్టిపడే శిలాద్రవం మరింతగా పరిణామం చెందుతుంది, అంటే దాని రసాయనిక కూర్పు మారుతూ పోతుంది. అప్పుడు సాధారణంగా గార్నెట్‌లో ఇనుముతో పోలిస్తే మాంగనీసు పాలు పెరుగుతుంది, పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లోనూ అభ్రకంలోనూ పొటాషియం-రుబీడియం నిష్పత్తి తగ్గుతుంది, బెరిల్ వంటి అరుదైన మూలకాల ఖనిజాలు కనిపించడం మొదలవుతుంది. మీ గుంతల వరుస ఈ క్రమాన్ని పాటిస్తోందా, లేదా? ఇది ఒక ప్రశ్న. జవాబు అవునని వచ్చినా కాదని వచ్చినా రాయడానికి విషయం ఉంటుంది, కమిటీకి కావలసిందీ అలాంటి ప్రశ్నే. శీర్షికను 'పెగ్మటైట్ గార్నెట్లలో మాంగనీసు మార్పు: పడమర నుంచి తూర్పుకు ఒక పరిశీలన' అని మార్చి చూడండి. దాని కింద రాసే పేజీలు వాటంతటవే చిన్నవవుతాయి.

ప్రశ్నకు తగిన పరీక్షను ఎంచుకోవడంలో చాలామంది విద్యార్థులు తడబడతారు. లిథియానికి ఇప్పుడున్న గిరాకీ చూసి, 'అభ్రకంలో లిథియాన్ని ఎలక్ట్రాన్ ప్రోబ్‌తో కొలుస్తాను' అని రాసిన దరఖాస్తులు నా చేతికి ఒకటికి రెండుసార్లు వచ్చాయి. ఎలక్ట్రాన్ ప్రోబ్ అంటే నమూనా మీదికి ఎలక్ట్రాన్ల పుంజాన్ని పంపి, వెలువడే ఎక్స్‌రేలను బట్టి మూలకాలను కొలిచే పరికరం. లిథియం వెలువరించే ఎక్స్‌రేల శక్తి మరీ తక్కువ కాబట్టి మామూలు ప్రోబ్ దాన్ని కొలవలేదు. దానికి లేజర్‌తో చేసే ఐసీపీ-ఎంఎస్ (మూలకాలను వాటి ద్రవ్యరాశిని బట్టి కొలిచే విశ్లేషణ) వంటి పద్ధతి కావాలి. ఆ ఒక్క వాక్యంతో, రాసినవారు ల్యాబ్‌లో ఎవరితోనూ మాట్లాడకుండానే దరఖాస్తు నింపారని తెలిసిపోతుంది. మీ గార్నెట్లలో ఇనుము, మాంగనీసు కొలవడానికి మాత్రం ప్రోబ్ చక్కగా సరిపోతుంది. దాదాపు ఒక మైక్రాన్ చుక్క మీద కొలవగలదు కనుక ఒకే స్ఫటికంలో నడి నుంచి అంచు దాకా వచ్చిన మార్పును కూడా పట్టుకోవచ్చు. రుబీడియం కోసం ఏడెనిమిది ఫెల్డ్‌స్పార్ నమూనాలను వేరుగా పొడి చేయించి ఐసీపీ-ఎంఎస్‌కు పంపితే చాలు, నలభైకి నలభై పంపనక్కరలేదు.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. థిన్ సెక్షన్లు (రాతిని పలుచగా కోసి గాజు పలక మీద అతికించినవి) చేయించేటప్పుడు పైన గాజు కవర్ అతికించవద్దని, పాలిష్ చేసి ఇవ్వమని ముందే చెప్పండి. కవర్ అతికించిన సెక్షన్ సూక్ష్మదర్శినికి పనికొస్తుంది గానీ ప్రోబ్‌కు పనికిరాదు. ఈ మాట ముందు చెప్పకపోవడం వల్ల మొత్తం సెక్షన్లను రెండోసారి చేయించుకుని గ్రాంటులో పెద్ద భాగం పోగొట్టుకున్న విద్యార్థిని నేనెరుగుదును.

బడ్జెట్‌ను చాలామంది చివరి రాత్రి రాస్తారు. చదివేవారు మాత్రం శీర్షిక చూశాక నేరుగా వెళ్లేది ఆ పేజీకే. 'విశ్లేషణ ఖర్చులు' అని ఒక్క ముక్కలో పెద్ద అంకె వేయడం కంటే, పాలిష్డ్ సెక్షన్లు 14, ఒక్కోదానికి ఇంత, ప్రోబ్ మీద రెండు రోజులు, రోజుకు ఇంత, ఐసీపీ-ఎంఎస్ నమూనాలు 8, ఒక్కోదానికి ఇంత అని రాయండి. ల్యాబ్ నుంచి రాతపూర్వకంగా ధరలు తెప్పించుకుని జతచేయండి. లాప్‌టాప్, విద్యాసంస్థ వసూలు చేసే నిర్వహణ రుసుము, జీతభత్యాలు వంటివాటికి చిన్న గ్రాంట్లలో చాలావరకు చోటుండదు. సదస్సుకు వెళ్లే ఖర్చును కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు కాబట్టి నిబంధనలు చదవకుండా ఆ వరుస వేయవద్దు. అడిగిన మొత్తం గరిష్ఠ పరిమితికి సరిగ్గా సమానంగా ఉంటే, అంకెను ముందు అనుకుని ఖర్చులను దానికి సరిపెట్టారని అర్థమవుతుంది. లెక్క నిజంగా తక్కువే తేలితే తక్కువే అడగండి.

ఇక ఎవరిని అడగాలి? సిగ్మా సై అనే పరిశోధకుల సంస్థ 1922 నుంచి విద్యార్థులకు చిన్న మొత్తాల్లో పరిశోధన సాయం అందిస్తోంది. మినరలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా ఖనిజ, శిలా శాస్త్రాల్లో విద్యార్థి గ్రాంట్లు ఇస్తుంది. ఖనిజ నిక్షేపాల మీద పనిచేసేవారికి సొసైటీ ఆఫ్ ఎకనామిక్ జియాలజిస్ట్స్ వారి ఫౌండేషన్, బంకమట్టి ఖనిజాల మీద పనిచేసేవారికి క్లే మినరల్స్ సొసైటీ ఉన్నాయి. జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా గ్రాంట్లు పేరున్నవే అయినా అవి ఉత్తర, మధ్య అమెరికా దేశాల విశ్వవిద్యాలయాల విద్యార్థులకు పరిమితం. కొన్నింటికి ముందు సభ్యత్వం తీసుకోవాలి. విద్యార్థి సభ్యత్వ రుసుము సాధారణంగా తక్కువే ఉంటుంది కనుక గడువు దగ్గర పడే దాకా దాన్ని వాయిదా వేయకండి. వీటన్నిటికంటే ముందు మీరు వాకబు చేయవలసినవి మీ ప్రాంతపు జియాలజీ సంఘాలు, ఖనిజ సేకర్తల క్లబ్బులు, మ్యూజియాలు. వాళ్లిచ్చే మొత్తం చిన్నది, పోటీ కూడా చిన్నదే. పైగా 'మా ప్రాంతపు ఖనిజాలు' అన్న షరతు పెట్టేది ఎక్కువగా వాళ్లే. పెద్ద సంస్థల పోటీలో మామూలుగా కనిపించే మీ పాత గుంతలు వాళ్ల ముందు మీ బలమవుతాయి.

ఔత్సాహిక సేకర్తలను తేలిగ్గా తీసుకోవద్దు. స్వీడన్‌లోని ఇట్టర్‌బీ గ్రామంలో ఉన్నది కూడా మీ గుంతల వంటి పెగ్మటైట్ క్వారీయే, అక్కడా తవ్వింది ఫెల్డ్‌స్పార్‌నే. 1787లో కార్ల్ ఆక్సెల్ అరీనియస్ అనే సైనికాధికారి అక్కడ బరువైన నల్లరాయి ఒకటి చూసి దాచాడు. 1794లో యోహాన్ గడోలిన్ దాన్ని విశ్లేషించి అందులో కొత్త 'మన్ను' (అప్పట్లో కొన్ని లోహ ఆక్సైడ్లను అలా పిలిచేవారు) ఉందని ప్రకటించాడు. చివరికి ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇటర్బియం అనే నాలుగు మూలకాలు ఆ ఒక్క ఊరి పేరు మీదే వెలిశాయి. మీ గుంతల్లో ఇప్పుడు నీళ్లు నిండి కనబడని పొరల నుంచి ముప్పై ఏళ్ల కిందట తీసిన స్ఫటికాలు ఏ సేకర్త బీరువాలోనో చీటీతో సహా ఉండే అవకాశముంది. అడిగి, చూసి, ఆ మాట దరఖాస్తులో రాయండి. మిండాట్ వంటి ఆన్‌లైన్ ఖనిజ పట్టికల్లో మీ ప్రాంతం గురించి ఏముందో కూడా వెతకండి. అక్కడ ఉన్నదంతా పరీక్షించి తేల్చినదే అనుకోవద్దు గానీ ఎక్కడ ఖాళీ ఉందో మాత్రం తెలుస్తుంది.

ఇదే ఊపులో 'కొత్త ఖనిజం కనుగొంటాను' అని మాత్రం హామీ ఇవ్వకండి. కొత్త ఖనిజాన్ని, దాని పేరును ఆమోదించేది అంతర్జాతీయ మినరలాజికల్ అసోసియేషన్ వారి కమిషన్. ఇప్పటికి 6,000కు పైగా ఖనిజాలకు గుర్తింపు ఉంది. మరొకటి దొరికితే అది అదృష్టం, అదృష్టాన్ని ప్రణాళికలో రాయలేం.

అనుమతుల సంగతి ఒక్క పేరాలో రాయండి, కానీ తప్పకుండా రాయండి. గుంతలున్న భూమి ఎవరిదో, లీజు ఎవరి పేరున ఉందో, లోపలికి వెళ్లి రాళ్లు తీయడానికి ఎవరు ఒప్పుకున్నారో ఆ పత్రం జతచేయండి. రక్షిత ప్రాంతమైతే విడిగా అనుమతి కావాలి. పని ముగిశాక నమూనాలను చీటీలతో, జీపీఎస్ వివరాలతో ఏ మ్యూజియానికి అప్పగిస్తారో కూడా చెప్పండి. సేకర్తల క్లబ్బులు ఈ వాక్యాన్ని ఎంతో ఇష్టంగా చదువుతాయి.

కెరీర్ మాటకొస్తే, ఈ డబ్బు మీ జీవితాన్ని మార్చేంత పెద్దది కాదు, దీన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అయితే పీహెచ్‌డీ ప్రవేశంలోగానీ, ఖనిజాన్వేషణ సంస్థ ఇంటర్వ్యూలోగానీ, మిమ్మల్ని ఎరగనివారు మీ ప్రశ్నను చదివి డబ్బు ఇచ్చారనడానికి అది రుజువు. మీ అధ్యాపకులు రాసే ప్రశంసకు లేని బరువు దానికి ఉంటుంది. డబ్బు తీసుకున్నాక చెప్పిన గడువులోగా నివేదిక ఇచ్చి, ఖర్చు లెక్క అప్పగించి, వాళ్ల సభ్యుల ముందు ఒక గంట మాట్లాడితే ఆ రుజువు మరింత గట్టిపడుతుంది. నా అంచనాలో దరఖాస్తుకు పట్టేది మూడు వారాల సాయంత్రాలు. దాని కోసం ఉద్యోగ ప్రయత్నాలు మానుకోనక్కరలేదు, అలాగని వాటి పేరు చెప్పి దీన్ని వదులుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. డిసర్టేషన్‌కు ఎలాగూ రాయవలసిన మొదటి అధ్యాయంలో సగం ఇందులోనే పూర్తవుతుంది.

సిఫారసు లేఖ కోసం మీ గైడ్‌ను గడువుకు కనీసం మూడు వారాల ముందు అడగండి. వట్టి చేతులతో వెళ్లకుండా కొత్త శీర్షికను, ఒక పేజీ సారాంశాన్ని, ల్యాబ్ ఇచ్చిన ధరల పత్రాన్ని తీసుకెళ్లండి. ఆ లోపు ఒక ఆదివారం కూర్చుని నలభై సంచులనూ పడమర నుంచి తూర్పుకు నేల మీద వరుసగా పేర్చి, హ్యాండ్ లెన్స్‌తో ఏ సంచిలో గార్నెట్ ఉందో, దాని రంగేమిటో ఒక కాగితం మీద రాసుకోండి. పద్నాలుగు సెక్షన్లు ఏ రాళ్ల నుంచి కోయించాలో ఆ కాగితం చూసి నిర్ణయించవచ్చు.