ఆ రెండో మాత్ర మానకండి

అక్కా, నెలసరి ఆగిపోయాక వచ్చే ఇబ్బందులకి ఇచ్చిన ఎస్ట్రాడియాల్ వాలరేట్ (ఈస్ట్రోజెన్ హార్మోన్) మాత్రతో ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు తగ్గాయనీ, దానికి తోడుగా ఇచ్చిన ప్రొజెస్టిరాన్ హార్మోన్ క్యాప్సూల్ మాత్రం పగలంతా మగతగా ఉంటోందని మానేశాననీ రాశారు కదా, మీకు గర్భసంచి ఉంది కాబట్టి ఆ రెండోది మానకూడదండీ. ఈస్ట్రోజెన్ ఒక్కటే పడుతుంటే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది, అలాగే వదిలేస్తే క్యాన్సర్‌కి దారి తీయొచ్చు; ఆ పొరని అదుపులో ఉంచేది ప్రొజెస్టిరానే. 1975లో అమెరికాలో ఈ సంగతి బయటపడ్డాకే రెండూ కలిపి ఇవ్వడం పద్ధతైంది. మీ తోడికోడలు ఒక్క మాత్రతోనే నెట్టుకొస్తోందంటే ఆవిడకి గర్భసంచి తీసేశారు కాబట్టి (మన వైపు చిన్న వయసులోనే తీయించేసుకోవడం మామూలైపోయింది, అది వేరే గొడవ).

మగతంటారా, టిఫిన్ తర్వాత వేసుకుంటే ఉండదా మరి! అది పడుకునే ముందు వేసుకోవాల్సింది, నిద్ర పట్టని మీకు అదీ మంచిదే. రేపే డాక్టర్‌కి ఫోన్ చేసి ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి, స్కాన్ కావాలో లేదో ఆవిడే చెబుతారు. నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆగకుండా వెళ్లండి.

రొమ్ము క్యాన్సర్ భయమన్నారు. ఈ హార్మోన్ మందుల మీద 2002లో గగ్గోలు పుట్టించిన అమెరికా అధ్యయనంలో పాల్గొన్న ఆడవాళ్ల సగటు వయసు 63, వాడిన మందులూ వేరు. రిస్కు అసలు లేదనను, కానీ 51 ఏళ్ల మీకు ఆ లెక్క యథాతథంగా వర్తించదు. ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టి ఉంటే మాత్రం చెప్పి, ఈస్ట్రోజెన్ మాత్రకి బదులు చర్మానికి రాసుకునే జెల్ గురించి అడగండి.