ప్రింట్‌కే పెడితే నడుస్తుంది, తీస్తే బిగుసుకుంటుంది!

ప్రశ్న: ఒక సెన్సర్ బోర్డు కోసం లినక్స్ డ్రైవర్ రాస్తున్నాను. రీడ్ ఫంక్షన్, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం సీపీయూని పిలిచినప్పుడు నడిచే కోడ్) ఒకే బఫర్‌ని వాడతాయి కాబట్టి స్పిన్‌లాక్ (దొరికేదాకా కోడ్ తిరుగుతూ ఎదురుచూసే లాక్) పెట్టాను. కొన్ని గంటలు బాగానే నడిచి, ఉన్నట్టుండి సిస్టమ్ ఫ్రీజ్ అయిపోతోంది. లాగ్‌లో ఏమీ ఉండదు. తప్పు ఎక్కడుందో చూద్దామని ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్) లైన్లు పెడితే సమస్యే రాదు! స్పిన్‌లాక్ బదులు మ్యూటెక్స్ పెట్టమంటున్నాడు మా ఫ్రెండ్. పెట్టనా?

జవాబు: వద్దండి. మ్యూటెక్స్ కూడా లాకే, కానీ అది వెంటనే దొరక్కపోతే అడిగిన కోడ్ నిద్రలోకి వెళ్తుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ నిద్రపోకూడదు.

మీరు చెప్పినదాన్ని బట్టి జరుగుతున్నది బహుశా ఇది. రీడ్ ఫంక్షన్ మామూలు స్పిన్_లాక్‌తో లాక్ తీసుకుంది. సరిగ్గా అప్పుడే, అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ కూడా అదే లాక్ కోసం తిరుగుతూ ఉండిపోయింది. రీడ్ ఫంక్షన్ కదిలి లాక్ వదలాలంటే హ్యాండ్లర్ ముగియాలి. హ్యాండ్లర్ ముగియాలంటే లాక్ దొరకాలి. ఇక అంతే సంగతులు! ఇంటరప్ట్ వేరే సీపీయూ మీద పడితే ఈ చిక్కు లేదు, అందుకే గంటల తరబడి బాగా నడుస్తోంది. ప్రింట్‌కే పెట్టగానే టైమింగ్ కాస్త మారి తప్పు దాక్కుంటోంది.

రీడ్ ఫంక్షన్‌లో స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్, వదిలేచోట స్పిన్_అన్‌లాక్_ఐఆర్‌క్యూరిస్టోర్ వాడండి. లాక్ ఉన్నంతసేపూ ఆ సీపీయూ మీద ఇంటరప్ట్‌లు ఆగుతాయి. హ్యాండ్లర్‌లో మామూలు స్పిన్_లాక్ చాలు. పనిలో పనిగా, డేటాని యూజర్ ప్రోగ్రామ్‌కి కాపీ చేసే కాపీ_టు_యూజర్ ఎక్కడుందో చూడండి. పేజ్ ఫాల్ట్ వస్తే (కావలసిన పేజీ మెమరీలో సిద్ధంగా లేకపోతే) అదీ నిద్రపోవచ్చు, కాబట్టి లాక్ లోపల ఉండకూడదు. డేటాని ముందు లోకల్ బఫర్‌లోకి తీసుకుని, లాక్ వదిలాక యూజర్‌కి పంపండి. ఎర్రర్ వచ్చి మధ్యలోనే రిటర్న్ అయ్యే చోట అన్‌లాక్ మర్చిపోవడం మరీ మామూలు.

అలాగని మీ ఫ్రెండ్ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూతో పనిని థ్రెడ్‌కి అప్పగిస్తే అక్కడ మ్యూటెక్స్ వాడొచ్చు. సెన్సర్ ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్) మీద ఉంటే నేనైతే ఆ దారే పడతాను, ఐ2సీ ట్రాన్స్‌ఫర్లు ఎలాగూ నిద్రపోతాయి.

ఇకపై ఇలాంటివాటిని ప్రింట్‌కేతో వెతక్కండి. 2006లో 2.6.18 కెర్నల్‌తో వచ్చిన లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఉన్నది ఇందుకే. కాన్ఫిగ్_ప్రూవ్_లాకింగ్, కాన్ఫిగ్_డీబగ్_అటామిక్_స్లీప్ అనే ఆప్షన్లు ఆన్ చేసి కెర్నల్‌ని బిల్డ్ చేయండి. సిస్టమ్ ఫ్రీజ్ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒకే లాక్‌ని ఒకసారి ఇంటరప్ట్ లోపల, ఇంకోసారి ఇంటరప్ట్‌లు ఆపకుండా తీసుకోవడం దాని కంటపడితే చాలు, ‘ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్’ అని హెచ్చరిస్తుంది. ఆ రెండూ వేర్వేరు సీపీయూల మీద, వేర్వేరు సమయాల్లో జరిగినా సరే. కెర్నల్ నెమ్మదిస్తుంది కాబట్టి టెస్ట్ మెషిన్‌లోనే వాడండి. ఒక తప్పు చూపించగానే లాక్‌డెప్ తనంతట తనే ఆగిపోతుంది. దాన్ని సరిచేసి రీబూట్ చేస్తేనే తర్వాతి తప్పు కనిపిస్తుంది.