లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి వెళ్ళొస్తే నిజంగా ఏమైనా మారుతుందా?

టీమ్ లీడ్ అయిన ఏడాదికి మిమ్మల్ని ఆరు నెలల లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌కి ఎంపిక చేశారు, దానివల్ల ఉపయోగం ఉంటుందా లేక సర్టిఫికెట్ కోసమేనా అని అడిగారు. వెళ్ళండి, పోయేదేం లేదు. కానీ ఉపయోగం ఉంటుందా లేదా అన్నది తిరిగొచ్చాక మీ పై బాస్ మిమ్మల్ని ఏం అడుగుతాడన్నదాన్ని బట్టే ఉంటుంది. నేనూ అలాంటి ట్రైనింగ్‌కి వెళ్ళాను, వెళ్ళొచ్చినవాళ్ళ కింద కూడా పనిచేశాను. ఎక్కువ తెలిసింది రెండోదాంట్లోనే.

పాత కంపెనీలో మా మేనేజర్‌ని ఇలాంటి ప్రోగ్రామ్‌కే పంపారు. వెళ్ళేముందు త్రీ సిక్స్‌టీ ఫీడ్‌బ్యాక్ అని ఒకటి ఉంటుంది కదా, పైవాళ్ళు, తోటివాళ్ళు, కింద పనిచేసేవాళ్ళు అందరూ ఆయన గురించి రాయాలి. పేర్లు బయటికి రావని హెచ్‌ఆర్ వాళ్ళు మెయిల్ మీద మెయిల్ పెట్టారు. టీమ్‌లో ఉన్నదే ఆరుగురం, ఎవరు ఎలా రాస్తారో ఆయనకి కంఠతా వచ్చు, ఇక పేర్లతో పనేముంది? అయినా నమ్మి ఉన్నదున్నట్టు రాశాం.

తిరిగొచ్చిన వారమే మీటింగ్ పెట్టారు. చేతిలో ప్రింటౌట్. "మీ అందరికీ థాంక్స్, నేను దీన్ని చాలా ఓపెన్‌గా తీసుకుంటున్నాను" అని మొదలుపెట్టి ఒక్కో కామెంట్ పైకి చదవడం, చదివి కాసేపు ఆగి మా ముఖాలు చూడడం. "మేము చెప్పేది పూర్తికాకముందే అడ్డు తగులుతారు" అన్న కామెంట్ వచ్చింది. దీనికి ఉదాహరణ ఉంటే చెప్పండి అన్నారు. మాలో కాస్త ధైర్యమున్న అమ్మాయి "సార్, మొన్న క్లయింట్ కాల్‌లో..." అందో లేదో, "లేదు లేదు, అక్కడ టైమ్ లేక నేను మాట్లాడాల్సి వచ్చింది" అనేశారు. నవ్వు ఆపుకోలేక ఒకడు నీళ్ళ బాటిల్ ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఆ కాగితం చేతికిచ్చి పంపారే గానీ దాంతో ఏం చేయాలో పక్కన కూర్చుని మాట్లాడినవాళ్ళు లేరు. ఆయన పై బాస్ కూడా అదే వారం వచ్చాడు, ట్రైనింగ్ గురించి ఒక్క ముక్క అడగలేదు, బిల్లింగ్ అంకెలు చూసుకుని వెళ్ళిపోయాడు.

అసలు తమాషా తర్వాతి ఏడాది. మళ్ళీ అదే సర్వే వచ్చింది, ఈసారి అందరం అన్నిటికీ ఐదుకి ఐదు వేసి కామెంట్ బాక్స్ ఖాళీగా వదిలేశాం. ప్రోగ్రామ్ తర్వాత లీడర్‌షిప్ స్కోరు పెరిగిందని టౌన్‌హాల్‌లో, అంటే కంపెనీ అందరినీ కూర్చోబెట్టే మీటింగ్‌లో, స్లైడ్ వేశారు, పైకి వెళ్తున్న పచ్చ బాణంతో సహా. మేమూ చప్పట్లు కొట్టాం.

ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు మెట్లలో చూడాలని కర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన 1959లోనే రాశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకి ఫలితం వచ్చిందా అని. నేను చూసిన కంపెనీలన్నీ మొదటి మెట్టు మీదే కూర్చున్నాయి. ఇంకోటి, ఇలాంటి ట్రైనింగుల్లో చూపించే 70-20-10 స్లైడ్. 70 శాతం పనిచేస్తూ, 20 శాతం ఇతరుల నుంచి, 10 శాతం క్లాసుల్లో నేర్చుకుంటారట. 1980లలో అమెరికాలో పైస్థాయి మేనేజర్లని మీరెలా నేర్చుకున్నారని అడిగితే వాళ్ళు గుర్తుచేసుకుని చెప్పిన మాటల్లోంచి పుట్టిన లెక్క అది, ఏదో ప్రయోగం చేసి తేల్చింది కాదు. సరే, మోటుగా నిజమేననుకుందాం, మరి ఆ స్లైడ్ చూపించడానికి మళ్ళీ క్లాస్‌రూమ్‌లో కూర్చోబెట్టడమెందుకు?

అమెరికాలోని జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) కంపెనీకి న్యూయార్క్ రాష్ట్రంలోని క్రోటన్‌విల్‌లో 1956 నుంచి ఇందుకోసమే ఒక పెద్ద క్యాంపస్ ఉండేది, కంపెనీలు లీడర్లని తయారుచేయడం గురించి ఎవరు మాట్లాడినా దాని పేరు ఎత్తకుండా ఉండరు. 2024లో దాన్ని అమ్మేశారు. జాక్ వెల్చ్ సీఈవోగా ఉన్న రోజుల్లో స్వయంగా అక్కడికొచ్చి మేనేజర్లతో వాదన పెట్టుకునేవాడు. మిగతా కంపెనీలు క్యాంపస్‌లని కాపీ కొట్టాయి గానీ పెద్దాయన వచ్చి కూర్చోవడాన్ని కాపీ కొట్టలేదు, నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

నాకు పని నేర్పిన మేనేజర్ వేరే. ఆవిడ ఏ ప్రోగ్రామ్‌కీ పంపలేదు. గొడవ చేస్తున్న క్లయింట్ కాల్ నన్ను నడపమని తను మ్యూట్‌లో కూర్చునేవారు. కాల్ అవ్వగానే ఫోన్ చేసి "ఆ తేదీకి ఎందుకు ఒప్పుకున్నావు? నీ టీమ్‌ని అడిగావా?" ఇలాంటివి రెండు మూడు ప్రశ్నలు. సలహాలు తక్కువ. కొన్నాళ్ళకి ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలన్నది కూడా నా చేతిలో పెట్టారు, నేను ఎంచుకున్నవాళ్ళు ఆవిడకి నచ్చకపోయినా మార్చలేదు.

అందుకే మీరు వెళ్ళేముందు మీ బాస్‌ని ఒక్క మాట అడగండి: "నేను తిరిగొచ్చాక ఇప్పుడు మీరు తీసుకుంటున్న నిర్ణయాల్లో ఏది నాకు ఇస్తారు?" ఏదైనా ఒకటి చెప్తే, బడ్జెట్ కానీ, రిక్రూట్‌మెంట్ కానీ, ఒక క్లయింట్ కానీ, ప్రోగ్రామ్‌లో నేర్చుకున్నదంతా దానిమీదే ప్రయోగించండి. "ముందు పూర్తి చేసి రా, చూద్దాం" అంటే మాత్రం వారాంతాల్లో ఇచ్చే అసైన్‌మెంట్లకి మరీ ప్రాణం పెట్టకండి. ఇక మీ టీమ్ రాసిన కామెంట్లు చేతికొస్తే ఎవరు రాశారో ఊహించే పని పెట్టుకోకండి, ముఖ్యంగా ప్రింటౌట్ తీసుకుని మీటింగ్‌కి వెళ్ళకండి.